నస్సూనా పేరు

కంపాలా,
3 మార్చి 2023

పెరుసికి,

క్షేమం అడిగి ఉత్తరం మొదలుపెట్టడం మర్యాద. నీ క్షేమం అడుగుతున్నాను. మర్యాద తీరింది కనుక విషయానికి వస్తాను.

నిన్న ఉదయం నా పేర ఒక నోటీసు వచ్చింది. పంపినవారు నైరోబీలోని హాల్డ్రెన్ సిస్టమ్స్, అంటే నీకు జీతమిచ్చే కంపెనీ. "నస్సూనా" అనే పేరు ఇకమీదట వారు రిజిస్టరు చేయించుకున్న ట్రేడ్‌మార్క్ అట. వారి అనుమతి లేనిదే ఆ పేరుతో మరెవ్వరూ సాఫ్ట్‌వేర్ విడుదల చేయకూడదట. మన సముదాయం ఏప్రిల్ నెలాఖరులోగా ఆ పేరును తొలగించకపోతే, మన కోడ్ ఉన్న చోటి నుంచి మమ్మల్నే తొలగింపజేస్తారట. చదివి నవ్వాను. ఇటువంటి బెదిరింపులకు నవ్వడమే తగిన జవాబు. ఆ తరువాత కింద ఉన్న పేరు చూశాను: "పెరుసి నకిర్యా, సముదాయ సంబంధాల అధికారి."

నీకు మరుపు వచ్చినట్టుంది. గుర్తు చేయడం అన్నగా నా విధి.

నస్సూనా మన మేనత్త. నాన్నకు ఒక్కతే చెల్లెలు. మసాకా అవతల ఆ చిన్న ఆరోగ్య కేంద్రంలో మంత్రసానిగా జీవితమంతా పనిచేసింది. మందు నిండుకుంటే జిల్లా గిడ్డంగికి అర్జీ రాసి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందు పక్క ఊరి కేంద్రాన్ని అడిగేది, లేకపోతే ఆ పక్కదాన్ని. ఎవరి దగ్గర మిగులు ఉందో కనుక్కుని, మోటారు సైకిలు కుర్రవాణ్ణి పంపి తెప్పించేది. ఆమె పోయిన ఏడాది, నేను పగలు మందుల గిడ్డంగిలో పెట్టెలు మోస్తూ, సాయంకాలపు తరగతుల్లో చదివి పట్టా తెచ్చుకున్న ఆ ఏడాదే, మనిద్దరం ఎన్డేబాలో నా గది వెనుక వసారాలో కూర్చుని ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాం. ఏ కేంద్రంలో ఏ మందు ఎంత ఉందో చూపాలి. లేనివారు ఒక్క మీట నొక్కితే, ఉన్న పొరుగువారి ఫోను నంబరు తెర మీదికి రావాలి. అత్త చేసిన పనినే యంత్రానికి నేర్పాం. అందుకే అత్త పేరు పెట్టాం. కోడ్ అందరిదీ అన్నాం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదన్నాం. బ్లాంటైర్ నుంచి తోకోజాని వచ్చి చేరాడు, ఇంకెందరో వచ్చారు.

నాలుగేళ్ల కిందట హాల్డ్రెన్ వాళ్లు సర్వర్లు ఉచితంగా ఇస్తామన్నారు, తీసుకున్నాం. నీకు ఉద్యోగం ఇస్తామన్నారు, సంతోషించాం. ఇప్పుడు వాళ్లు, మనం వండిన కూర మనకే వదిలేసి, వడ్డించే అరటాకు మీద పేరు మాత్రం తమదంటున్నారు. ఆ మాట నీ నోటితో అనిపిస్తున్నారు.

జవాబు రాతపూర్వకంగా ఇవ్వగలవు.

ఎరియా సెంపిజ్జా, బి.ఎస్సీ.

●

నైరోబీ,
6 మార్చి

అన్నయ్యా,

పలకరింపును కూడా కర్రతో కొట్టినట్టు రాయడం నీకే చెల్లింది. సొంత చెల్లెలికి రాసే ఉత్తరం కింద పట్టా పేరు రాసుకునేవాడు ఈ ఖండం మొత్తం మీద నువ్వొక్కడివే అయి ఉంటావు.

ఆ నోటీసు నేను రాయలేదు. సముదాయానికి వెళ్లే ప్రతి కాగితం కిందా నా పేరు దానంతటదే పడుతుంది. లాయర్లు రాశారు, యంత్రం నా పేరు అచ్చువేసింది. నువ్వు చూసిన రోజునే నేనూ చూశాను. మా మేనేజరు ముతూరి గదిలోకి వెళ్లి, "ఇది నా పేరు మీద మా అన్నకు ఎలా పంపారు?" అని అరిచాను. "అన్న అయితే ఇంకా మంచిది కదా, ఇంట్లోనే తేల్చుకుంటారు" అన్నాడు. ఆ ముఖం మీద టీ పోయకుండా బయటికి వచ్చినందుకు నన్ను మెచ్చుకోవాలి.

రిజిస్టరు చేయించిన సంగతి అంటావా, అది నాకు తెలుసు. దాచలేదు. ఎంబరారాలో ఎవరో మన పాత వెర్షన్‌కు రంగులు మార్చి, "నస్సూనా" అనే పేరుతోనే క్లినిక్‌లకు అమ్మారు, గుర్తుందా? దానిలో లెక్కలు తప్పి, అల్మరాలో మలేరియా మందు ఉండగానే లేదని చూపించింది. వాళ్లు తిట్టింది మనల్ని. అలాంటివాళ్లను ఆపాలంటే చట్టం ముందు నిలబడి "ఈ పేరు మాది" అనడానికి ఒక మనిషో, ఒక సంస్థో కావాలి. సంఘంగా నమోదు చేయిద్దామని నిన్ను ఎన్నిసార్లు బతిమాలాను? "మనం ఇరుగుపొరుగులం, మనకు అధ్యక్షుడూ కార్యదర్శీ దేనికి?" అన్నావు. ఆ మాట వినడానికి బాగానే ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో మాత్రం ఇరుగుపొరుగులు అనే గడి లేదు.

అందుకే దరఖాస్తు కంపెనీ పేరు మీద వేశారు, సముదాయం తరఫున సమ్మతి సంతకం నేనే చేశాను. "మీకు సంఘం ఏర్పడిన రోజున పేరు మీకే రాసిచ్చేస్తాం" అని ముతూరి మాటిచ్చాడు. నోటిమాటే, ఒప్పుకుంటున్నాను. ఇదంతా నీకు డిసెంబరులో రాశాను. జనవరిలో రాశాను. ఫిబ్రవరిలో, "ఏదో ఒకటి చెప్పు, కాదని అయినా చెప్పు" అని రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నీ మౌనాన్ని నేను అంగీకారం అనుకున్నాను. నువ్వు కాదనదలచుకుంటే ఊరుకునే మనిషివి కాదు కదా!

నా మీద అరవడానికి ముందు ఆ మూడూ చదువు.

పెరుసి

●

కంపాలా,
14 మార్చి

పెరుసికి,

నువ్వు చెప్పిన మూడు సందేశాలు ఉన్నమాట వాస్తవమే. హాల్డ్రెన్ చిరునామా నుంచి వచ్చే సమస్త ఉత్తరాలూ నా కంటపడకుండా నేరుగా చెత్తలోకి వెళ్లేలా కిందటి నవంబరులో ఏర్పాటు చేసుకున్నాను. వారి ప్రకటనల భాషను నేను భరించలేను. చెల్లెలు అన్నకు రాయదలచుకుంటే తన సొంత చిరునామా నుంచి రాయాలి. కంపెనీ కవరులో వచ్చినది కంపెనీ ఉత్తరమే. కనుక వాటిని చదవనందుకు నేను సంజాయిషీ ఇవ్వవలసిన పని లేదు.

శనివారం నేను క్యోటేరా దారిలో సిస్టర్ ఇమాకులాటా నడిపే కేంద్రానికి వెళ్లాను. ఆమె నన్ను గుమ్మంలోనే పట్టుకుంది.

"వచ్చారా! ములిరానో చచ్చిపోయిందండీ."

"దాని పేరు ములిరానో కాదు సిస్టర్. నస్సూనా."

"పేర్లు మీరు చూసుకోండి బాబూ. పొరుగును అడిగిపెట్టేదాన్ని మేం పొరుగనే అంటాం, ములిరానో అనే అంటాం. నిన్న ఒక పిల్ల కాన్పయి రక్తం ఆగట్లేదు. మందు అయిపోయింది. మీట నొక్కితే, పొరుగు నంబరు చూడాలంటే నెలకింత కట్టమని అడుగుతోంది. కట్టడానికి ఎవరున్నారు? నా భర్తా?"

"మరి ఏం చేశారు?"

"ఏం చేస్తాను? ఫోను పుస్తకం తీసుకుని ఒక్కొక్కళ్లనీ అడుక్కున్నాను. దొరికింది, బతికింది. మీ కంప్యూటరు మాత్రం ముసిముసిగా నవ్వుతూ అలాగే డబ్బులడుగుతూ కూర్చుంది."

విన్నావా? మన సైటు నుంచి కాక, వారి సర్వర్ నుంచి కొత్త వెర్షన్ దానంతటదే దిగింది. "నస్సూనా ప్లస్" అట. అత్త ఊరూరా తిరిగి ఉచితంగా అడిగి తెచ్చినదానికి అత్త పేరు మీదే వెల కట్టారు.

ఈ ఉదయం సముదాయపు చర్చా వేదికలో ఈ వివరమంతా పెట్టాను. కంపెనీ లోపల కూర్చున్న ఒక బంధువే పేరును అప్పగించిందని కూడా రాశాను. పేరు చెప్పలేదు, అది నా సంస్కారం. కంపెనీతో తెగతెంపులు చేసుకుని వేరు కుంపటి పెట్టడానికి అందరూ అంగీకరించారు. పేరు మాత్రం వదలం. నస్సూనా మనదే. నీకు కోడ్‌లో మార్పులు చేర్చే హక్కు ఉండేది. మొదటి రోజు నుంచీ ఆ తాళాలు మనిద్దరి దగ్గరే ఉండేవి. నీ తాళం ఈ ఉదయమే తీసివేశాను.

మరొక సంగతి. మన వంశపు శ్మశాన సరిహద్దు తగాదా తేలిందట. ఇన్నేళ్లుగా నిలిచిపోయిన అత్త చివరి కర్మ ఏప్రిల్ ఇరవై రెండున జరిపించాలని పెదనాన్న కవూమా నిర్ణయించారు. నువ్వు అంత దూరం నుంచి శ్రమపడి రానక్కర్లేదు. అత్త తరఫున నేనున్నాను.

ఎరియా సెంపిజ్జా, బి.ఎస్సీ.

●

నైరోబీ,
15 మార్చి

నా తాళం ఉదయం తీసేశావా? నేను మధ్యాహ్నం దాకా ఆగమని అడగను కూడా లేదే, అడిగేదాన్నేమో. ఎందుకో చెబుతాను. కోపం చల్లారేదాకా ఆగలేను.

పొరుగును అడిగే మీటకు డబ్బు పెట్టవద్దని రెండు వారాలుగా ఈ భవనంలో ప్రతి బల్ల మీదా గుద్దుతున్నాను. సోమవారం సాయంత్రం ముతూరి దిగివచ్చాడు. "సరే పెరుసీ, అది ఉచితంగానే ఉంచుదాం. మీ సముదాయం కోడ్‌లో నువ్వే చేర్చు, మేం దాన్నే మా వెర్షన్‌లోకి తీసుకుంటాం" అన్నాడు. రాత్రి కూర్చుని రాశాను. మంగళవారం చేర్చబోతే తలుపు మూసి ఉంది. సరే, ఏదో పొరపాటు అనుకుని చర్చా వేదిక తెరిచాను. అక్కడ నా శవయాత్ర జరుగుతోంది. పేరు చెప్పలేదట, సంస్కారమట! హాల్డ్రెన్‌లో నీకు బంధువులు ఎంతమంది ఉన్నారు?

ముతూరి కూడా చదివాడు. చదివి, చాలా మృదువుగా, "మీవాళ్లకే నువ్వు అక్కర్లేదు. మరి నీ మాట మేమెందుకు వినాలి?" అన్నాడు. మీట ఇక డబ్బుకే.

కనుక సిస్టర్ ఇమాకులాటాకు చెప్పు. ఈసారి ఎవరైనా రక్తం ఓడుతూ ఉంటే, ఆ తెర మీద కనబడే ధరలో సగం కంపెనీ పెట్టింది, సగం ఎరియా సెంపిజ్జా, బి.ఎస్సీ. పెట్టాడు అని.

అత్త తరఫున నువ్వున్నావా? మనిద్దరినీ తన ఇంట్లో పెట్టుకుని పెంచింది ఆవిడ. ఒకే గిన్నెలో తిన్నాం. నాకు రావద్దని చెప్పడానికి నువ్వెవడివి?

●

కంపాలా,
2 ఏప్రిల్

పెరుసికి,

సోమవారం నాటి సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే తాళం బుధవారం తీసేవాణ్ణి. అంతకుమించి ఆ విషయంలో నేను చెప్పేది లేదు.

నువ్వు ఊరికి ఫోను చేసి పెదనాన్నకు నా మీద చాడీలు చెప్పావని గ్రహించాను. లేకపోతే సాఫ్ట్‌వేర్ అంటే తినేదో తాగేదో ఎరుగని ఆ వృద్ధుడు నన్ను అంత దూరం పిలిపించి, వరండాలో అందరి ఎదుటా ఆ విధంగా మాట్లాడడు. నేను నా తరఫు వాదన చక్కగా రాసుకుని వెళ్లాను. "నస్సూనా అనేది మన వంశం పేరు. మన వంశంలో పుట్టిన పిల్లకు తప్ప మరెవరికీ ఆ పేరు పెట్టడానికి వీల్లేదు. ఒక కంపెనీ దాన్ని ఎలా సొంతం చేసుకుంటుంది? మీరు వంశం తరఫున ఒక పత్రం ఇవ్వండి" అని కోరాను. ఆయన వేరుశనగలు ఒలుచుకుంటూ విన్నారు.

"అయిందా?" అన్నారు.

"అయింది పెదనాన్నా."

"ఆ కంపెనీ సంగతి తరవాత. ముందు నీ సంగతి చెప్పు. ఆ పేరు నీకెవరిచ్చారు?"

"నేను ఆమె మేనల్లుణ్ణి. గౌరవంగా—"

"గౌరవం సరేరా. ఎవరిని అడిగావు?"

నేను రాసుకెళ్లిన కాగితం తిరగేశాను.

"మీ అత్త పోయింది. కర్మ జరగలేదు. ఆమె చోట ఇంకా ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఆ చాప ఖాళీగా ఉంది. మనిషిని కూర్చోబెట్టకముందే నువ్వు యంత్రాన్ని కూర్చోబెట్టావు. వాకిట్లో వదిలేసిన కుర్చీని దారినపోయేవాడు ఎత్తుకుపోయాడని ఇప్పుడు ఏడుస్తున్నావు. ఆ కంపెనీ పేరు కాజేసిందంటావు. కాజేసింది. నువ్వూ అడక్కుండానే తీశావు. వాడు నీ తరవాత వాడు, అంతే!"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. పిన్నమ్మ ఒకావిడ, "పట్టా పుచ్చుకున్నాడు కదా, పేరు కూడా పుచ్చుకున్నాడు" అన్నది. నేను లేచి నిలబడి, నేను ఏమి చేసినా ప్రజల మేలు కోసమే చేశానని చెప్పి, అన్నం ముట్టకుండా వచ్చేశాను. బస్సు దొరికేసరికి ఆకలితో కళ్లు తిరిగాయి. అది కూడా నీ ఖాతాలోనే వేస్తున్నాను.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. ఈ పేరు మా వంశానిదని హాల్డ్రెన్ లాయర్లకు నేనే రాశాను. వచ్చిన జవాబు ఇది: "మీరు పేర్కొన్న వంశం నమోదైన సంస్థేనా? అయితే నమోదు సంఖ్య, చిరునామా, అధీకృత ప్రతినిధి వివరాలు పంపగలరు." కొన్ని వందల ఏళ్లుగా ఉన్న వంశాన్ని నమోదు సంఖ్య అడుగుతున్నారు!

నా నిర్ణయం ఇది. పేరు మార్చను. మమ్మల్ని తొలగిస్తే తొలగించనీ. నస్సూనాగా బతకలేకపోతే ఈ సాఫ్ట్‌వేర్ నస్సూనాగానే చస్తుంది.

ఎరియా సెంపిజ్జా, బి.ఎస్సీ.

●

నైరోబీ,
5 ఏప్రిల్

అన్నయ్యా,

నేను పెదనాన్నకు ఫోను చేయలేదు. ఆయనే నాకు చేశారు, నీకంటే ముందు. నీకు పడిన తిట్లన్నీ నాకూ పడ్డాయి. పైగా "నువ్వు సంతకం చేసేటప్పుడు చెయ్యి వణకలేదా?" అని ఒకటి అదనంగా పడింది. ఆ కంపెనీకి మన పేర్ల సంగతి తెలియదు సరే, నీకు తెలుసు కదా అన్నారు. నువ్వు అన్నం మానేసి వచ్చావు. నాకు ఫోనులో ఆ సౌకర్యం కూడా లేకపోయింది.

ఇప్పుడు ఒక్కసారి నా మాట విను. పేరు మార్చెయ్.

చదవడం ఆపకు. కోడ్ మనదే, లైసెన్సు మారలేదు, దాన్ని వాళ్లే కాదు, ఎవరూ లాక్కోలేరు. వాళ్ల చేతిలో ఉన్నది ఆ పేరొక్కటే. నెలాఖరుకు నువ్వు పేరు తీసేస్తే మన సైటు ఉంటుంది, ఉచిత మీట ఉంటుంది, సిస్టర్లందరూ ఆ కంపెనీ వెర్షన్ వదిలి మన దగ్గరికి వస్తారు. తీయకపోతే మనల్ని మూసేస్తారు. అప్పుడు ఆ కేంద్రాలన్నిటికీ డబ్బడిగే తెర ఒక్కటే మిగులుతుంది. నీకు కావలసింది అత్త చేసిన పనా, అత్త పేరు రాసిన పలకా?

ఇది కంపెనీ మాట అంటావని తెలుసు. అందుకే నా సొంత చిరునామా నుంచి, నా సొంత డబ్బుతో కొన్న ఫోను మీద రాస్తున్నాను. చెత్తలో వేయాలంటే నీ చేత్తోనే వేయాలి.

కర్మకు వస్తున్నాను. బస్సు టికెట్ కొన్నాను. ఆడవాళ్ల వైపు కూర్చుంటాను, నీకు కనపడనులే.

పెరుసి

●

కంపాలా,
24 ఏప్రిల్

పూజ్యులైన మేనత్త నస్సూనా గారికి,

మీ మేనల్లుడు ఎరియా వినయపూర్వకంగా రాయునది.

ఈ పై రెండు పంక్తులు రాయడానికి నాకు ఆదివారమంతా పట్టింది. ఆచారం కనుక రాశాను. నేను పలకలు తుడిచి, ముక్కు తుడిచి పెంచిన చెల్లెలిని "మీరు" అనవలసి రావడం న్యాయమని మాత్రం నేను ఒప్పుకోలేదు.

శనివారం ఉదయం జరిగినది మీకు తెలుసు. చెట్టు బెరడుతో చేసిన గుడ్డ మీ భుజాన ముడివేస్తుండగా మీకు నా ముఖం కనపడలేదు గనుక, నా వైపు నుంచి చెబుతున్నాను. అత్త స్థానంలో, అత్త పేరుతో, ఆమె అన్నదమ్ముల కూతుళ్లలో ఎవరో ఒకరు కూర్చుని ఆ రోజు నుంచి అందరికీ అత్త కావాలి. అది అందరికీ తెలిసినదే. వారిలో లోవిసాను కూర్చోబెడతారని నేను అనుకున్నాను. మీరు తగరని పెదనాన్నకు నేను ముందే చెప్పి ఉంచాను కూడా. ఆడవాళ్లు గుడిసెలోంచి ఒక మనిషిని నడిపించుకొచ్చారు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో బుట్ట. నేను మొదట నడకను గుర్తుపట్టాను.

పెదనాన్న దగ్గరికి వెళ్లి అందరూ వినేలాగే అడిగాను, "ఆ పేరును పోగొట్టినదానికే ఆ పేరు ఇస్తారా?" అని.

"పోగొట్టింది కదా, ఇక మోయనీ" అన్నారు. "సంతకం పెట్టి ఇచ్చేసింది. ఇప్పుడు ఒళ్లు పెట్టి తెచ్చుకుంటుంది. నీకేం బాధ?"

తరవాత గొంతెత్తి, "ఇదిగో నస్సూనా! చనిపోలేదు. ఇక్కడ కూర్చుంది. ఎవరికైనా నస్సూనాతో పని ఉంటే ఈమెను అడగండి" అన్నారు.

కొత్త అత్తకు కానుకలిచ్చే వరసలో నా వంతు వచ్చింది. చేతిలో నోటు పెట్టి, నోరు తెరవకుండా వెళ్లిపోదామనుకున్నాను. మీరు నా చెయ్యి వదల్లేదు.

"ఒరేయ్ ఎరియా!" అన్నారు.

ఒరేయ్! నాకు నలభై ఎనిమిదేళ్లు.

"ఆ యంత్రం మీంచి నా పేరు తీసెయ్."

"అత్తా, ఇది మనం తరవాత—"

"నేను బతికే ఉన్నాను కదా. బతికున్న మనిషి పేరు అడక్కుండా పెట్టుకుంటావా? తీసెయ్. నెలాఖరులోగా."

పిన్నమ్మలు మళ్లీ నవ్వారు. నేను "అలాగే అత్తా" అన్నాను. మేనత్త నోట వచ్చిన మాటను కాదనడం మన ఇళ్లలో ఎన్నడూ లేదు. అదే మాట హాల్డ్రెన్ లాయర్లు వెయ్యి నోటీసుల్లో చెప్పినా నేను వినేవాణ్ణి కాదని మీరు గమనించాలి.

ఇవాళ ఉదయం తీసేశాను. ప్రతి తెర మీద నుంచీ, ప్రతి పంక్తి నుంచీ. అంతటా ఖాళీలు మిగిలాయి. ఏం పెట్టాలని చర్చా వేదికలో అడిగితే వాదనలు మొదలయ్యాయి. తోకోజాని, "అక్కడి సిస్టర్లు దాన్ని ఏమని పిలుస్తారు?" అని అడిగాడు. ములిరానో అంటారని చెప్పాను. "మరి ఇంకా ఏం వెతుకుతున్నావు?" అన్నాడు. పొరుగు అనే మాటను ఏ రిజిస్ట్రారూ ఒకరికి రాసివ్వలేడు. అది సంతలో తిరిగే మాట. కనుక ఇకమీదట అది ములిరానో. సిస్టర్ ఇమాకులాటాకు ఫోను చేసి చెబితే, "మరి ఇన్నాళ్లూ ఏమనేవారు?" అన్నది.

ఆజ్ఞ పాటించాను. నా కోపం అలాగే ఉంది. ఆ రెంటికీ సంబంధం లేదని మనవి.

మీ మేనల్లుడు
ఎరియా సెంపిజ్జా, బి.ఎస్సీ.

●

నైరోబీ,
29 ఏప్రిల్

అబ్బాయి ఎరియాకు,

మీ అత్త నస్సూనా ఆశీస్సులు. పట్టా ఎప్పుడో వచ్చింది కనుక, బుద్ధి వచ్చేలా ఆశీర్వదిస్తున్నాను.

బుధవారం ముతూరి గదికి వెళ్లాను. రాజీనామా ఇచ్చాను. చదివి, "సరే, ఎవరి దారి వాళ్లది. కానీ ఈ ఉత్తరం కింద పేరు తప్పు పడింది. నస్సూనా అని ఉంది" అన్నాడు.

"తప్పు కాదు. అది నేనే" అన్నాను.

"నస్సూనా మా ఉత్పత్తి."

"నస్సూనా నేను. శనివారం మా వంశమంతా చూస్తుండగా కూర్చోబెట్టారు. ఇక ఏ క్లినిక్‌కు వెళ్లినా, ఎవరు అడిగినా, నస్సూనా మీ కంపెనీలో పనిచేయదని, చేయదని నస్సూనాయే చెప్పిందని చెబుతాను. అబద్ధమని మీ లాయర్ల చేత నోటీసు ఇప్పించండి. ఈసారి కింద ఎవరి పేరు అచ్చువేస్తారో చూస్తాను."

అతను ఆ ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. నాకు పిచ్చెక్కిందో, చట్టంలో ఏదో కొత్త చిక్కు వచ్చిందో తేల్చుకోలేకపోయాడు. కాగితం మీద పేరు వాళ్ల దగ్గరే ఉంది, ఎరియా. తిరిగి రాలేదు, రాదు. ఆ మంట నాకూ ఉంది. ఎన్నాళ్లుంటుందో తెలియదు. చెయ్యి వణకలేదా అని పెదనాన్న అడిగింది రోజూ వినిపిస్తూనే ఉంది. అయినా నిన్న ఒక్కరోజే ఎంతోమంది సిస్టర్లు ఫోను చేసి, వాళ్ల వెర్షన్ తీసేసి ములిరానో ఎలా పెట్టుకోవాలని అడిగారు. నేర్పడంలో గొంతు పోయింది.

ఇక అత్తగా నా రెండో ఆజ్ఞ. ఇదే ఆఖరుది అనుకోకు.

పెరుసి అని నీకు ఒక చెల్లెలు ఉంది. తలబిరుసుది, నీలాగే. మార్చి పధ్నాలుగున దాని తాళం తీసేశావు. తిరిగి ఇచ్చెయ్. క్షమించమని నేను చెప్పడం లేదు, అది నీ ఇష్టం. దానితో మాట్లాడమని కూడా చెప్పడం లేదు. తాళం మాత్రం ఇవ్వు. అది ఆ రాత్రి రాసిన కోడ్ ఇంకా దాని దగ్గరే పడి ఉంది.

నీ మేనత్త
నస్సూనా

●

కంపాలా,
3 మే

పూజ్యులైన మేనత్త గారికి,

మీరు కుశలమని తలుస్తాను. గొంతుకు అల్లమూ తేనె తీసుకోగలరు.

మీ ఆజ్ఞ ప్రకారం సోమవారం ఉదయం పెరుసికి తాళం తిరిగి ఇచ్చాను. ఒక్క మాట కూడా అనలేదు. ఆమె కూడా కృతజ్ఞతలు చెప్పలేదు. ఆ సంగతి మీ దృష్టికి తెస్తున్నాను.

వచ్చిన గంటలోనే ఆమె ఏం చేసిందో తెలుసునా? ఆమె లేని రోజుల్లో పొరుగును అడిగే మీట కోసం నేను చాలా శ్రమపడి, చాలా పద్ధతిగా రాసిన భాగం మొత్తం తీసి పారేసింది. తన కోడ్ పెట్టింది. పైగా కారణం రాయవలసిన చోట, అందరూ చదివే చోట, "అన్నయ్య రాసింది పనిచేస్తుంది, కానీ ముసలివాడిలా నడుస్తుంది" అని రాసింది. తోకోజాని దాని కింద నవ్వే బొమ్మ పెట్టాడు.

ఆమె కోడ్ వేగంగా ఉన్న మాట వాస్తవమే. క్యోటేరా దారిలో పరీక్షించి చూశాను. సిస్టర్ ఇమాకులాటా మీట నొక్కగానే మూడు పొరుగు కేంద్రాలు పలికాయి, ఉచితంగా. కానీ ప్రశ్న అది కాదు. అన్నతో అలా మాట్లాడవచ్చునా? చిన్నప్పటి నుంచీ ఇంతే. నా మాట ఎన్నడూ విన్నది కాదు.

పెరుసికి చెప్పవలసింది నేను చెబితే గొడవ అవుతుంది. ఈ ఇంట్లో ఆమె భయపడేది ఇప్పుడు మీ ఒక్కరికే అని నా నమ్మకం. కనుక మీరే ఆమెను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, గట్టిగా చీవాట్లు పెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఆ తరువాత ఆమె భోజనం చేసిందో లేదో కనుక్కోండి. ఉద్యోగం లేదు కదా.

మీ మేనల్లుడు
ఎరియా